సీవీలో ప్రాజెక్టు గురించి ఎలా రాయాలి? విజయవాడ, గుంటూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్లేస్‌మెంట్ల హడావుడి మొదలైందంటే చాలు, "ఒక్కసారి నా సీవీ చూడండి సార్" అంటూ వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు వచ్చి పడతాయి. కానూరు, వడ్డేశ్వరం, నంబూరు, చౌడవరం, వడ్లమూడి, మైలవరం... కాలేజీ ఏదైనా సందేహాలు మాత్రం అవే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కుదరక ఇలా ఒకచోట పెట్టాను. సీవీ ఎలాగూ ఇంగ్లీషులోనే రాస్తారు. ఇక్కడి నమూనా వాక్యాలు మాత్రం తెలుగులో ఇచ్చాను. వాటిలోని అంకెలు ఊరికే ఉదాహరణకి పెట్టినవి, ఎత్తి రాసుకోవద్దు.

## రాయడానికి కూర్చునే ముందు

చిన్నాపెద్దా కలిపి ఐదారు ప్రాజెక్టులు చేశాను. అన్నీ పెట్టాలా?

రెండు చాలు. మూడోది నిజంగా బాగుంటే మూడు. ఏది ఉంచాలో తేల్చుకోడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది: కాగితం చూడకుండా దాని గురించి ఐదు నిమిషాలు మాట్లాడండి. రెండో నిమిషంలోనే మాటలు అయిపోతే ఆ ప్రాజెక్టు తీసేయండి. మేజర్ ప్రాజెక్టే పైన ఉండాలన్న రూలేమీ లేదు. 4-2లో (నాలుగో ఏడు రెండో సెమిస్టర్‌లో) అందరితో పాటు చేసిన మేజర్ కన్నా మూడో ఏట సొంతంగా కిందామీదా పడి చేసిన మినీ ప్రాజెక్టు గట్టిగా ఉంటే దాన్నే ముందు పెట్టండి.

మా ప్రాజెక్టు డబ్బులు కట్టి బయట చేయించుకున్నాం సార్. సీవీలో పెట్టొచ్చా?

మన దగ్గర ఇది చాటుమాటు వ్యవహారం కూడా కాదు. సీడీ, రిపోర్టు, పీపీటీ కలిపి ప్యాకేజీగా అమ్ముతున్నారు. అవతల ఇంటర్వ్యూ చేసేవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. అదే "ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్" ప్రాజెక్టు, అవే స్క్రీన్‌షాట్లు వాళ్ళ ముందుకి ఏటా వస్తూనే ఉంటాయి. "ఇద్దరు కవలలు ఒకే క్లాసులో ఉంటే ఏం చేస్తుంది?" అని ఒక్క ప్రశ్న వేస్తే ఎవరు చేశారో ఎవరు కొన్నారో బయటపడిపోతుంది.

కొన్నదాన్ని "నేను తయారుచేశాను" అని రాస్తే అది అబద్ధమే, తిప్పి చెప్పడానికేమీ లేదు. అయినా దారి మూసుకుపోలేదు. ఆ కోడ్ మీ దగ్గరే ఉంది కదా. ముందు మీ సిస్టమ్‌లో అది నడిచేలా చేయండి (చాలామందికి ఇదే మొదటి యుద్ధం). తర్వాత లైన్ లైన్‌గా చదవండి. వెలుతురు తక్కువగా ఉంటే ఏమవుతోంది, మాస్క్ పెట్టుకుంటే ఏమవుతోంది అని చూడండి. కనబడిన లోపాల్లో ఒకదాన్ని మీ చేత్తో సరిచేయండి. అప్పుడు సీవీలో ఇలా రాయొచ్చు: "అప్పటికే ఉన్న ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ అప్లికేషన్‌ను పరీక్షించి, తక్కువ వెలుతురులో వస్తున్న తప్పులను తగ్గించాను." ఇందులో ప్రతి మాటా నిజమే. పైగా ఉద్యోగంలో చేరాక మొదటి ఏడాది చేయబోయేది కూడా ఎక్కువగా ఇదే, ఎవరో రాసిన కోడ్‌ని అర్థం చేసుకుని బాగుచేయడం.

ఆ మాత్రం తీరిక కూడా లేదంటే ఆ ప్రాజెక్టు వదిలేసి మినీ ప్రాజెక్టుతోనే వెళ్ళండి.

నలుగురం కలిసి చేశాం. సీవీలో "నేను" అనాలా, "మేము" అనాలా?

హెడింగ్ పక్కన "నలుగురి టీమ్" అని వేయండి. కింది లైన్లలో మాత్రం మీరు చేసిన పనే ఉండాలి. క్యాంపస్ డ్రైవ్ రోజున మీ నలుగురి సీవీలూ ఒకే టేబుల్ మీద పడతాయి. నాలుగింటిలోనూ అక్షరం పొల్లుపోకుండా అవే లైన్లు ఉంటే నలుగురినీ ఒకే గాటన కట్టేస్తారు. ముందే కూర్చుని ఎవరి వాటా ఏమిటో మాట్లాడుకోండి. డేటాబేస్ ఒకరిది, స్క్రీన్లు ఒకరివి, టెస్టింగ్ ఒకరిది.

"కోడింగ్ అంతా మావాడే చేశాడు, నేను రిపోర్టు రాశాను" అని నసిగేవాళ్ళు చాలామంది. రిపోర్టు నిజంగా మీరే రాసుంటే సిస్టమ్ మొత్తం ఎలా పనిచేస్తుందో మీకే బాగా తెలిసుండాలి. "యూజర్ మాన్యువల్, టెస్ట్ కేసులు రాశాను, డెమోకి ముందు దొరికిన తప్పులను నమోదు చేశాను" అని రాస్తే టెస్టింగ్ ఉద్యోగాలకి అది తక్కువేమీ కాదు.

ప్రాజెక్టు అయిపోయి చాలా రోజులైంది. ఏం చేశామో సరిగ్గా గుర్తులేదు, ఎలా?

ప్రాజెక్టు వాట్సాప్ గ్రూపు తెరిచి పైకి స్క్రోల్ చేయండి. రివ్యూకి ముందు రాత్రి ఏం పనిచేయలేదో, ఎవరు సరిచేశారో అంతా అక్కడే ఉంటుంది. నల్ల అట్ట రికార్డు కన్నా అదే నయం.

## లైన్లు రాసేటప్పుడు

ఒక్కో ప్రాజెక్టుకి ఎన్ని లైన్లు రాయాలి? అందులో ఏమేం ఉండాలి?

హెడింగ్ లైన్ ఒకటి: పేరు, నెల-సంవత్సరం, టీమ్ ఎంతమంది. దాని కింద రెండు మూడు లైన్లు. ఏ ఇబ్బంది కోసం చేశారు, మీరు చేసిన పని ఏమిటి, చివరికి ఏం తేలింది, ఈ మూడూ వాటిలో రావాలి. క్రమం మీ ఇష్టం.

నాకు ఎక్కువగా వచ్చే రకం ఇది: "లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. ఇది జావా ఉపయోగించి రూపొందించిన వెబ్ అప్లికేషన్. దీని ద్వారా లైబ్రరీని సులభంగా నిర్వహించవచ్చు." మూడు వాక్యాలు చదివినా మనిషి కనబడడు. అదే ప్రాజెక్టుని ఇలా రాయొచ్చు: "డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో పుస్తకాల లెక్క రిజిస్టర్‌లో రాస్తుండటం చూసి, జావా, మైఎస్‌క్యూఎల్‌తో అప్లికేషన్ చేశాం. నా వంతు: 7 టేబుళ్ళ డేటాబేస్ డిజైన్, గడువు దాటిన పుస్తకాలకి జరిమానా లెక్కించే భాగం. లైబ్రేరియన్ దగ్గర రెండు వారాలు వాడించి, ఒకే పుస్తకం ఇద్దరి పేరు మీద పడే తప్పును సరిచేశాను."

అదే పాత లైబ్రరీ ప్రాజెక్టు. కానీ ఇప్పుడు ప్రశ్న వేయడానికి మూడు చోట్లు దొరికాయి, మూడింటికీ మీ దగ్గర జవాబుంది.

మా మోడల్‌కి 99 శాతం యాక్యురసీ వచ్చింది. అది రాస్తే చాలదా?

ఈ ఒక్క అంకె మీద తెలివైన పిల్లలు కూడా ఇంటర్వ్యూలో బోల్తా పడుతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

గుంటూరు చుట్టుపక్కల మిర్చి తెగుళ్ళను ఆకు ఫోటోతో గుర్తించే ప్రాజెక్టు ప్రతి బ్యాచ్‌లో ఒకటైనా ఉంటుంది. డేటా ఎక్కడిదని అడిగితే 'ప్లాంట్‌విలేజ్' అంటారు. అందులో 14 పంటలవి 54,306 ఫోటోలు ఉన్నాయి, మిర్చి మాత్రం లేదు. ఉన్నది బెల్ పెప్పర్, అంటే మన క్యాప్సికం. అదీ ఆకు కోసి, బూడిదరంగు లేదా నల్ల కాగితం మీద పెట్టి తీసిన ఫోటోలు. మన చేలో ఎండ, నీడ, దుమ్ము, పక్క ఆకులు, రైతు వేళ్ళు అన్నీ ఫోటోలో పడతాయి. 2021లో మన మిర్చిని ముంచేసిన నల్ల తామర పురుగు దెబ్బ ఎలా ఉంటుందో ఆ మోడల్ చూసే ఎరగదు. ఇదే డేటా మీద 2016లో వచ్చిన పరిశోధనా పత్రంలో 99.35 శాతం యాక్యురసీ వచ్చింది. వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇచ్చేసరికి అదే మోడల్ 31 శాతం దగ్గరికి పడిపోయిందని రాసిన వాళ్ళే చెప్పారు.

కాబట్టి "మిర్చి తెగుళ్ళ గుర్తింపు, 99 శాతం" అని రాసేకన్నా ఇలా రాయండి: "ప్లాంట్‌విలేజ్ ఫోటోలతో మోడల్‌కి శిక్షణ ఇచ్చి, మా ఊరి చేలో ఫోన్‌తో తీసిన 120 మిర్చి ఆకుల ఫోటోలపై పరీక్షించాను, 96 శాతం నుంచి 41 శాతానికి పడింది, ఫోటో నేపథ్యం తొలగించాక 58 శాతానికి వచ్చింది." తక్కువ అంకె రాశానేమిటని భయపడకండి. చేలోకి వెళ్ళి చూసిన మనిషిగా మీరు ఇక్కడ కనబడతారు.

క్రెడిట్ కార్డ్ మోసాల ప్రాజెక్టుదీ ఇదే కథ. డేటా పంచుకునే కాగిల్ వెబ్‌సైట్‌లో అందరూ వాడే ఆ డేటాలో 2,84,807 లావాదేవీలు ఉంటే మోసాలు 492. అంటే వెయ్యికి రెండు కూడా లేవు. ఏ మోడలూ లేకుండా "ఏదీ మోసం కాదు" అని కళ్ళు మూసుకుని చెప్పినా 99.8 శాతం యాక్యురసీ వచ్చేస్తుంది. 492లో ఎన్ని పట్టుకున్నారు, పట్టుకునే క్రమంలో ఎంతమంది అమాయకుల కార్డులు ఆపేశారు, ఈ రెండూ రాయండి.

మిర్చి యార్డు ధరల అంచనా చేసినవాళ్ళకి ఒక మాట. "రేపటి ధర కూడా ఇవాళ్టి ధరే" అనే మామూలు అంచనాతో మీ మోడల్‌ని పోల్చి చూశారా? దాన్ని ఓడించి ఉంటే ఎంత తేడాతో ఓడించిందో రాయండి. ఓడించలేకపోతే ఆ సంగతే రాసి, ఎందుకో చెప్పడానికి సిద్ధంగా ఉండండి.

మాది మామూలు వెబ్‌సైట్ ప్రాజెక్టు. అంకెలు ఎక్కడి నుంచి తేవాలి?

లెక్కపెట్టండి. టేబుళ్ళు ఎన్ని, స్క్రీన్లు ఎన్ని, టెస్ట్ కేసులు ఎన్ని రాశారు, ఎంతమంది వాడి చూశారు, పేజీ తెరుచుకోడానికి ఎన్ని సెకన్లు పట్టేది, తర్వాత ఎంతకి తగ్గింది. లెక్కకి దొరకనిచోట అంకె లేకుండానే రాయండి. "సామర్థ్యం 40 శాతం పెంచాను" లాంటివి మాత్రం వద్దు. "దేనితో పోలిస్తే?" అని అవతలివాళ్ళు అడిగిన క్షణం గదిలో నిశ్శబ్దం భరించలేరు.

వాడిన టెక్నాలజీలన్నీ వరసగా రాసేయొచ్చా?

పనితో కలిపి రాయండి: "ఫ్లాస్క్‌తో లాగిన్ భాగం రాశాను" అంటే ఫ్లాస్క్ ఎందుకొచ్చిందో తెలుస్తుంది. కంపెనీల సాఫ్ట్‌వేర్ సీవీలో పదాలు వెతుకుతుంది కాబట్టి ఉద్యోగ ప్రకటనలో ఉన్న టూల్ పేరు, మీరు నిజంగా వాడి ఉంటే, ప్రకటనలో ఎలా ఉందో అలాగే రాయండి. ఒక్క రాత్రి ఇన్‌స్టాల్ చేసి మూసేసినవి లెక్కలోకి రావు.

చాట్‌జీపీటీతో రాయించుకుంటే తప్పా అన్నా?

ఇంగ్లీషు సరిచేయించుకోవడం తప్పు కాదు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళకి అది పెద్ద ఆసరా కూడా. ముందు మీరు ఏం చేశారో మీకొచ్చిన భాషలో, తప్పులతోనే, నాలుగు వాక్యాలు రాసి ఇవ్వండి. "నా ప్రాజెక్టుకి మంచి పాయింట్లు రాయి" అని మాత్రం అడగకండి. మీరు చేయనివి కూడా చేసినట్టు, "స్పియర్‌హెడెడ్", "లెవరేజ్డ్" లాంటి బరువైన మాటలతో రాసిచ్చేస్తుంది. ఆ మాటకి అర్థం ఏమిటని అడిగితే చెప్పలేని కుర్రాళ్ళని చూశాను. కోడ్‌లోనే దాని సాయం తీసుకుని ఉంటే, అడిగినప్పుడు ఏ భాగమో దాచకుండా చెప్పండి.

## బ్రాంచిని, కోర్సుని బట్టి

మేం సివిల్. నల్లరేగడి మట్టి మీద చేశాం. ఐటీ వాళ్ళలా మాకు రాయడానికి ఏముంటుంది?

మీకే ఎక్కువ ఉంటుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) తెచ్చి నల్లరేగడిలో కలిపి బలం పెరిగిందేమో చూడటం మన కాలేజీల్లో మామూలుగా చేసే ప్రాజెక్టే. కానీ సీవీలో "మట్టి స్థిరీకరణపై అధ్యయనం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. మట్టి ఏ ఊరి పొలంలో, ఎంత లోతు నుంచి తీశారు? ఫ్లైయాష్ ఎన్ని పాళ్ళలో కలిపారు? మట్టి బలం చూసే సీబీఆర్ పరీక్ష ఐఎస్ 2720 పార్ట్ 16 ప్రమాణం ప్రకారం మీ చేత్తో చేశారా, ల్యాబ్ అసిస్టెంట్ చేస్తుంటే చూశారా? ఎన్ని పాళ్ళు కలిపాక విలువ పెరగడం ఆగిపోయింది? ఇవి రాస్తే రోడ్డు పనుల కాంట్రాక్టర్ దగ్గరైనా కన్సల్టెన్సీలోనైనా మీతో మాట్లాడబుద్ధవుతుంది.

బిల్డింగ్ డిజైన్ చేసినవాళ్ళు ఎన్ని అంతస్తులు, ఏ సాఫ్ట్‌వేర్, కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం చేత్తో లెక్కవేసి సరిచూసిన బీమ్‌లు, కాలమ్‌లు ఎన్ని అన్నది రాయండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబుని చేత్తో సరిచూశామన్న మాటకి విలువ ఉంది.

మెకానికల్ మాది. పార్టులన్నీ ఆటోనగర్‌లో చేయించాం. అది చెప్పుకోకూడదా?

నిక్షేపంగా చెప్పుకోండి. డ్రాయింగ్ మీది, లేత్ మీద పని వాళ్ళది. "డ్రాయింగులు గీసి, ఆటోనగర్ వర్క్‌షాపులో దగ్గరుండి చేయించాను, షాఫ్ట్ కొలత తేడా రావడంతో టాలరెన్స్ మార్చి మళ్ళీ చేయించాను" అంటే ఫ్యాక్టరీలో పనికొచ్చే మనిషని అర్థం. తయారీ మొత్తం మీదేనని రాస్తే మాత్రం ఫీడ్ రేటు, టూల్ యాంగిల్ అడుగుతారు.

ఈసీఈలో ఆర్డుయినోతో స్మార్ట్ ఇరిగేషన్ చేశాం. అందరూ అదే చేశారు కదా?

అందరూ చేశారు నిజమే, కాబట్టి మీకు ఎదురైన చిక్కుని రాయండి. చవక రెసిస్టివ్ తేమ సెన్సర్ తడిలో తుప్పుపట్టి రీడింగులు తప్పి ఉంటాయి. "కెపాసిటివ్ సెన్సర్‌కి మార్చి, కుండీలో పది రోజుల రీడింగులు పోల్చాను" అన్న లైన్ వేరేవాళ్ళ సీవీలో ఉండదు.

బీకామ్, ఎంబీఏ వాళ్ళం. రేషియో ఎనాలిసిస్ చేశాం. దాన్ని ఎలా రాయాలి?

మూడేళ్ళ బ్యాలెన్స్ షీట్లు తీసుకుని నిష్పత్తులు కట్టడం అందరూ చేస్తారు. వాటి నుంచి మీరు పట్టుకున్న ఒక్క విషయం రాయండి. ఉదాహరణకి "అమ్మకాలు పెరిగినా బాకీలు వసూలయ్యే రోజులు 38 నుంచి 61కి పెరగడం గుర్తించాను". బీసెంట్ రోడ్డులో బాబాయి గారి షాపుకి ట్యాలీలో లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్న్‌కి బిల్లులు సరిచూసిపెట్టి ఉంటే అది కూడా ప్రాజెక్టు కిందే వేయండి. బంధువుల షాపు అని చిన్నబుచ్చుకోవద్దు. నెలకి ఎన్ని బిల్లులు చూశారో రాస్తే చాలు.

ఉన్నత విద్యామండలి వాళ్ళ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేశాం. ఇది సీవీలోకి పనికొస్తుందా?

లాగ్‌బుక్ నింపడానికి చేసుంటే పనికిరాదు. ఇల్లిల్లూ తిరిగి ఉంటే బ్రహ్మాండంగా పనికొస్తుంది, ముఖ్యంగా బ్యాంకింగ్, సేల్స్, స్వచ్ఛంద సంస్థల ఉద్యోగాలకి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ని ముంచెత్తింది. అలాంటి చోట సర్వే చేసి ఉంటే ఎన్ని ఇళ్ళు తిరిగారు, ఏం అడిగారు, ప్రశ్నలు జనానికి అర్థం కాక మధ్యలో ఏం మార్చారు, నివేదిక వార్డు సచివాలయంలో ఎవరికి ఇచ్చారు, ఇవి రాయండి. ప్రశ్నలు మార్చిన సంగతి చాలామంది వదిలేస్తారు, వినేవాళ్ళకి మాత్రం ఆసక్తి కలిగేది అక్కడే.

ఆన్‌లైన్‌లో వర్చువల్ ఇంటర్న్‌షిప్ చేశాను. ప్రాజెక్టు కింద వేయొచ్చా?

వీడియోలు చూసి క్విజ్ రాసిందే అయితే "కోర్సులు" కింద వేయండి. చివర్లో మీరు ఏదైనా చేసి సమర్పించి ఉంటే, ఆ చేసినదాన్ని మాత్రం ప్రాజెక్టు కింద రాయండి.

## పంపే ముందు

ఒక పేజీలో పట్టడం లేదు. ప్రాజెక్టు లైన్లు తగ్గించనా?

తగ్గించాల్సింది అవి కాదు. పైన ఉండే "ప్రతిష్ఠాత్మక సంస్థలో నా నైపుణ్యాలను..." అనే లక్ష్యం పేరా తీసేయండి. తండ్రిగారి పేరు, మతం, పెళ్ళయిందా లేదా, హాబీల్లో "క్రికెట్ చూడటం", చివర్లో "పై వివరాలన్నీ సత్యమని ప్రమాణం చేస్తున్నాను", వీటిలో ఏదీ ప్రైవేటు కంపెనీ సీవీకి అక్కర్లేదు. అవన్నీ పోతే ఇంకో ప్రాజెక్టుకి చోటొస్తుంది. సీనియర్ దగ్గర తీసుకున్న వర్డ్ ఫైలులో పేరు మార్చుకుంటూ వస్తున్నంత కాలం ఈ ప్రమాణం మనల్ని వదలదు.

గిట్‌హబ్ లింక్ ఇవ్వడం తప్పనిసరా?

తప్పనిసరి కాదు. ఇస్తే మాత్రం ఆ పేజీలో ఏం చేశారో, ఎలా నడపాలో పది లైన్లయినా ఉండాలి, రెండు స్క్రీన్‌షాట్లు ఉండాలి. మొత్తం కోడ్ ఒకే రోజు, ఒకే అప్‌లోడ్‌లో పడి ఉంటే చూసేవాళ్ళకి అనుమానం వస్తుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ కోడ్‌లోనే వదిలేశారేమో చూసుకోండి. లింక్ నొక్కితే తెరుచుకుంటోందో లేదో స్నేహితుడి ఫోన్‌లో పరీక్షించండి, మీ లాగిన్‌లో ఎలాగూ తెరుచుకుంటుంది.

ప్రాజెక్టు సగంలో ఆగిపోయింది. రాయొచ్చా?

"పూర్తికాలేదు" అని పక్కన రాసి, ఎక్కడిదాకా వచ్చిందో చెప్పి పెట్టొచ్చు. మీ దగ్గర పూర్తయినవి రెండుంటే దీన్ని వదిలేయండి.

మా అమ్మాయి సీవీ ఎవరితోనైనా డబ్బులిచ్చి రాయించమంటారా?

వద్దమ్మా. ఒకసారి మీ ముందు కూర్చుని తను చేసిన ప్రాజెక్టేమిటో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. మీకు అర్థమయ్యేలా చెప్పిన ఆ నాలుగు మాటలే కాగితం మీద పెట్టమనండి. ఖర్చు పెట్టాలనే ఉంటే ఇంటర్వ్యూ రోజుకి రానూపోనూ టికెట్‌కి పెట్టండి.

## ఇంటర్వ్యూలో, ఆ తర్వాత

"మీ ప్రాజెక్టు గురించి చెప్పండి" అంటే సీవీలో ఉన్నదే చెప్పాలా?

సీవీ వాళ్ళ చేతిలోనే ఉంది, మళ్ళీ చదివి వినిపించక్కర్లేదు. ఇబ్బంది ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పి, మీరు తీసుకున్న ఒక నిర్ణయం దగ్గర ఆగండి: "రెండు దారులు ఉన్నాయి, ఇది ఎంచుకున్నాం, ఎందుకంటే..." మిగతాది వాళ్ళే అడుగుతారు. "మళ్ళీ చేస్తే ఏం మారుస్తావు?" అన్న ప్రశ్న తరచుగా వస్తుంది, జవాబు ఇంటి దగ్గరే ఆలోచించుకుని వెళ్ళండి. తెలియనిదాన్ని తెలియదనే చెప్పండి. గైడ్ చెప్పారు కాబట్టి చేశాం అనడం మాత్రం మానుకోండి.

నాకు మూడేళ్ళ అనుభవం ఉంది. కాలేజీ ప్రాజెక్టు ఇంకా ఉంచాలా?

తీసేయండి. కొత్తగా వెళ్ళాలనుకునే రంగానికి మీ దగ్గరున్న ఆధారం అదొక్కటే అయితే ఒక్క లైన్‌లో ఉంచండి.

కంపెనీలో చేసిన ప్రాజెక్టుకి క్లయింట్ పేరు రాయొచ్చా?

మీరు సంతకం పెట్టిన కాగితంలో గోప్యత షరతు ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే "అమెరికాలోని ఒక రిటైల్ సంస్థ", "ఒక ప్రైవేటు బ్యాంకు" అని రాస్తే సరిపోతుంది. వాళ్ళ అమ్మకాల అంకెలు, లోపలి సిస్టమ్ పేర్లు, స్క్రీన్‌షాట్లు పెట్టకూడదు. మీ పని తాలూకు అంకెలు, అంటే రోజుకి ఎన్ని టికెట్లు (ఫిర్యాదులు) మూశారు, రాత్రి నడిచే ప్రోగ్రామ్ ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటలకి తగ్గింది లాంటివి సాధారణంగా ఇబ్బంది కాదు. అనుమానంగా ఉంటే మీ మేనేజర్‌ని అడగండి. ఉద్యోగం మారుతున్నట్టు ఆయనకి తెలియకూడదు అనుకుంటే, ఆ అంకెని వదిలేయండి.